వాట్సాప్ గ్రూపు నిండిపోయాక: ఫోరమ్‌కి ఏ సాఫ్ట్‌వేర్, ఏ హోస్టింగ్?

మా పిన్ని హైదరాబాద్‌లో మిద్దెతోటలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపు నడుపుతుంది. 1024 మంది నిండిపోతే రెండో గ్రూపు పెట్టింది, తర్వాత మూడోది. "మందారానికి పిండినల్లి పట్టింది, ఏం చేయాలి?" అనే ప్రశ్న వారానికి నాలుగుసార్లు వస్తుంది. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టమని ఒక పెద్దాయన ఫొటోలతో సహా రాసిన జవాబు ఎక్కడో శుభోదయం పువ్వుల కింద పూడుకుపోయింది. "ఒరేయ్, ఇవన్నీ వెతికితే దొరికేలా ఏదైనా చెయ్యరా" అంది పిన్ని.

ఫోరమ్, అంటే ప్రశ్నలూ జవాబులూ విషయాలవారీగా దాచే చర్చల సైట్, ఒకటి పెట్టేస్తే సరిపోతుందనుకున్నాను. రెండేళ్లలో రెండు సాఫ్ట్‌వేర్లు, మూడు హోస్టింగులు (సైట్‌ని ఉంచే అద్దె సర్వర్లు) మారాయి. నేను చేసిన తప్పల్లా నాకు నచ్చిన సాఫ్ట్‌వేర్ ముందు ఎంచుకుని, మిగతావి దానికి అతికించాలని చూడటమే. వరస తిరగేయాలి. రోజువారీ ఆలనాపాలనా ఎవరు చూస్తారో ముందు తేల్చుకోవాలి. దాన్నిబట్టి హోస్టింగ్, హోస్టింగ్‌ని బట్టి సాఫ్ట్‌వేర్.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

రాత్రి పదకొండింటికి సైట్ ఆగిపోతే ఎవరు లేస్తారు? అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. లైనక్స్ నల్లతెర (సర్వర్‌కి ఆదేశాలు టైపు చేసే చోటు) చూసి భయపడని మనిషి మీ బృందంలో ఒక్కరైనా ఉన్నారా? ఉంటే, వచ్చే ఏడాది కూడా ఉంటారా? ఇంజనీరింగ్ చదువుతున్న మేనల్లుడిని నమ్ముకుంటే, వాడికి ఉద్యోగం వచ్చేదాకానే మీ ఫోరమ్ ఆయుష్షు.

మెయిల్ చేరుతుందా? ఖాతా తెరవడానికి, పాస్‌వర్డ్ మర్చిపోతే మార్చుకోవడానికి, జవాబు వచ్చిందని తెలియడానికి మెయిలే ఆధారం. ఫోరమ్ పెట్టేవాళ్లు చివర్లో గుర్తు తెచ్చుకునేది కూడా దీన్నే. మా మొదటి ఫోరమ్‌ని దెబ్బతీసింది ఇదే. ఆ కథ కింద చెప్తాను.

ఫోన్‌లో ఎలా ఉంది? మన సభ్యుల్లో ఎక్కువమంది కంప్యూటర్ ముట్టుకోరు. చేతికి మట్టితో, మేడ మీద ఎండలో నిలబడి ఫొటో తీసి పెడతారు.

ఫొటోలు ఎక్కడ దాచాలి? ఇప్పటి ఫోన్‌లో ఒక్క ఫొటో మూడు నాలుగు ఎంబీ తేలిగ్గా ఉంటుంది. రోజుకి యాభై ఫొటోలు వస్తే ఏడాదికి ఎంతవుతుందో లెక్కేసుకోండి.

తెలుగు. దీని గురించి కింద విడిగా రాశాను, ఎందుకంటే ఇంగ్లిష్ పోలికల్లో ఇది ఎక్కడా కనబడదు.

రేపు ఖాళీ చేయాల్సి వస్తే? ఒకప్పుడు తెలుగు చర్చలు చాలావరకు యాహూ గ్రూప్స్‌లో నడిచేవి. 2019 డిసెంబర్‌లో యాహూ పాత పోస్టులు తీసేసింది, 2020 డిసెంబర్‌లో దుకాణమే మూసేసింది. దింపుకున్నవాళ్ల దగ్గర మిగిలాయి, లేనివాళ్లవి పోయాయి. కాబట్టి డేటాబేస్ మొత్తం మన చేతికి వచ్చే సాఫ్ట్‌వేరే తీసుకోండి.

## ముందు హోస్టింగ్

స్థూలంగా మూడు దారులు.

షేర్డ్ హోస్టింగ్ అంటే ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకోవడం, అపార్ట్‌మెంట్‌లో వాటా లాంటిది. నీళ్లు, కరెంటు వాళ్లే చూస్తారు. సీప్యానెల్ అనే వాళ్ల నిర్వహణ పేజీలో సాఫ్టాక్యులస్ అనే బొమ్మ నొక్కితే ఐదు నిమిషాల్లో ఫోరమ్ వచ్చేస్తుంది. చవక. కానీ మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకండి, రెన్యువల్ ధర ఎంతో అదే పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అదే అసలు ధర. "అన్‌లిమిటెడ్" అన్నచోట కూడా ఫైళ్ల సంఖ్యకు, ఒకేసారి నడిచే ప్రాసెస్‌లకు పరిమితి ఉంటుంది. ఫోరమ్‌లో ఫొటోలూ వాటి చిన్న నకళ్లూ కలిసి ఫైళ్ల లెక్క గబగబా పెరిగిపోతుంది.

వీపీఎస్ అంటే పెద్ద సర్వర్‌లో మనకి విడిగా ఇచ్చే భాగం, విడి ఇల్లు అద్దెకి తీసుకున్నట్టు. ట్యాంకు నిండిందో లేదో మనమే చూసుకోవాలి. సర్వర్లు అద్దెకిచ్చే కంపెనీల్లో డిజిటల్‌ఓషన్‌కి బెంగళూరులో, అమెజాన్‌కి ముంబయిలోనూ, 2022 నుంచి హైదరాబాద్‌లోనూ డేటా సెంటర్లున్నాయి. నేను లెక్క వేసినప్పుడు డిజిటల్‌ఓషన్‌లో 2 జీబీ మెషీన్ నెలకు 12 డాలర్లు. దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే నెలకు 1200 రూపాయల పైమాటే.

ఇక్కడ ఒక టెన్షన్ ఉంది, మేం అనుభవించాం. 2021 అక్టోబర్ నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం కార్డు నుంచి నెలనెలా దానంతటదే డబ్బు కట్ అవ్వాలంటే ముందుగా ఈ-మ్యాండేట్ (అలా కట్ చేసుకోవడానికి మనమిచ్చే అనుమతి) నమోదవ్వాలి. విదేశీ కంపెనీల దగ్గర చాలాసార్లు అది కుదరదు. మేం తీసుకున్న సర్వర్ కంపెనీ రెండు నెలలు కట్ చేసుకోవాలని చూసి, కుదరక, సర్వర్ ఆపేసింది. వాళ్లు పంపిన హెచ్చరికలు నేనెప్పుడూ తెరవని మెయిల్ ఐడీకి వెళ్లాయి. అప్పట్నుంచి ఆరు నెలల డబ్బు ముందే వేసి ఉంచుతున్నాను, హెచ్చరికలు పిన్నికి కూడా వెళ్లేలా పెట్టాను. వీపీఎస్ తీసుకునేటప్పుడు ముందుగా బ్యాలెన్స్ వేసుకునే వీలుందో లేదో చూడండి.

మూడోది మేనేజ్డ్ హోస్టింగ్. ఫోరమ్ తయారుచేసినవాళ్లే నెలవారీ డబ్బు తీసుకుని నడిపిపెడతారు. డిస్కోర్స్, జెన్‌ఫోరో అనే ఫోరమ్ సాఫ్ట్‌వేర్లకి ఇలా ఉన్నాయి. డబ్బు డాలర్లలో, తలనొప్పి సున్నా. అమెరికాలోని తెలుగు సంఘాలకు, చందా వసూలు చేసే సంస్థలకు ఇదే మేలని నా అభిప్రాయం. ఏడాదికోసారి కార్యవర్గం మారే చోట సర్వర్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు.

ఏ దారైనా సరే, డొమైన్ (సైట్ చిరునామా) మాత్రం మీ పేరు మీద, మీ ఖాతాలో కొనుక్కోండి. హోస్టింగ్‌తో "ఉచితంగా" ఇచ్చే డొమైన్ ఎవరి పేరు మీద రిజిస్టర్ అవుతోందో అడగండి.

## ఇప్పుడు సాఫ్ట్‌వేర్లు

| సాఫ్ట్‌వేర్ | ధర | ఎక్కడ నడుస్తుంది | ఫోన్‌లో | చాకిరీ |
|---|---|---|---|---|
| పీహెచ్‌పీబీబీ | ఉచితం | షేర్డ్ చాలు | పాతకాలపు రూపం, పని జరుగుతుంది | తక్కువ |
| బీబీప్రెస్ | ఉచితం | వర్డ్‌ప్రెస్ ఉన్నచోట | థీమ్‌ని బట్టి | తక్కువ |
| ఫ్లారమ్ | ఉచితం | షేర్డ్, ఎస్ఎస్‌హెచ్ (సర్వర్‌లోకి దూరం నుంచి కమాండ్లు రాసే దారి) ఉంటే నయం | చాలా బాగుంటుంది | మధ్యస్థం |
| జెన్‌ఫోరో | కొనాలి | షేర్డ్ లేదా వీపీఎస్ | బాగుంటుంది | తక్కువ |
| డిస్కోర్స్ | ఉచితం | వీపీఎస్ తప్పనిసరి | చాలా బాగుంటుంది | మొదట్లో ఎక్కువ |

పీహెచ్‌పీబీబీ. 2000లో మొదలైంది. ఇంటర్నెట్‌లో సగం జీవితం గడిపినవాళ్లు దీని నీలిరంగు పేజీ చూడగానే గుర్తుపడతారు. పాత అంబాసిడర్ కారులాంటిది: అందం లేదు, ఏ మెకానిక్కైనా బాగుచేస్తాడు. నేను ముందు పెట్టింది ఇదే.

పెట్టిన రోజే రెండు సెట్టింగులు మార్చకపోతే ఇబ్బంది పడతారు. ఒకటి, అటాచ్‌మెంట్ పరిమాణం మామూలుగా 256 కేబీ మాత్రమే ఉంటుంది. అంటే ఫోన్‌లో తీసిన ఏ ఫొటో ఎక్కదు. దాన్ని పెంచినా ఎక్కకపోతే హోస్టింగ్‌లో పీహెచ్‌పీ (ఈ సాఫ్ట్‌వేర్ రాసిన భాష) అప్‌లోడ్ పరిమితి చూడండి, అది చాలాచోట్ల 2 ఎంబీ. రెండోది వెతుకులాట. దాని సొంత సెర్చ్ మామూలుగా 3 నుంచి 14 అక్షరాల మాటల్నే ఇండెక్స్‌లో, అంటే వెతికే పట్టికలో, చేర్చుకుంటుంది. ఇంగ్లిష్‌కి సరిపోతుంది. తెలుగులో గుణింతమూ, ఒత్తూ కూడా కంప్యూటర్ లెక్కలో విడివిడి అక్షరాలే. "వర్మీకంపోస్టు" 13, దానికి "లో" తగిలించగానే 15. విభక్తి చేరగానే మాట మాయం! గరిష్ఠాన్ని 40కి పెంచి, ఇండెక్స్ మళ్లీ కట్టించండి.

స్పామ్ విషయంలో మాత్రం దీన్ని మెచ్చుకోవాలి. ఖాతా తెరిచేటప్పుడు మనమే ఒక ప్రశ్న రాసి అడగొచ్చు. "ఆవకాయలో కారం, ఉప్పు, నూనెతో పాటు ఏ పిండి వేస్తారు?" అని పెట్టాను. రోజుకి పదుల్లో వస్తున్న దొంగ ఖాతాలు ఆ రాత్రే ఆగిపోయాయి. ఆవపిండి, ఆవ పిండి, ఆవాల పిండి, ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే ఎలా రాస్తారో అన్నీ జవాబులుగా ఇవ్వండి. లేకపోతే అసలు మనుషులే బయట ఉండిపోతారు.

మైబీబీ, ఎస్ఎంఎఫ్ కూడా ఇదే కోవ, ఇదే హోస్టింగ్. వాటితో మీకు ముందే పరిచయం ఉంటే తప్ప వెతుక్కుంటూ వెళ్లనక్కర్లేదు.

బీబీప్రెస్. వర్డ్‌ప్రెస్‌కి తగిలించే ప్లగిన్. మీకు ఇప్పటికే వర్డ్‌ప్రెస్ సైట్ ఉండి, దాని పక్కన చిన్న ప్రశ్నలు-జవాబుల గది చాలనుకుంటే పెట్టుకోండి. లాగిన్ ఒకటే కావడం పెద్ద సౌకర్యం. రద్దీ పెరిగితే షేర్డ్ హోస్టింగ్‌లో నత్తనడకే.

ఫ్లారమ్. 2021లో 1.0 వచ్చింది. చూపుకి డిస్కోర్స్‌లా, నడకకి పీహెచ్‌పీబీబీలా ఉంటుంది. తేలిక. చిక్కంతా ఎక్స్‌టెన్షన్లతోనే (అదనంగా తగిలించే భాగాలు). మనం తప్పనిసరి అనుకునేవి చాలా వాటి ద్వారానే వస్తాయి, వాటిని చాలావరకు కంపోజర్ అనే పనిముట్టుతో కమాండ్ రాసి ఎక్కించాలి. చవక షేర్డ్ ప్లాన్లలో ఆ వీలు ఉండకపోవచ్చు. కొనేముందు "ఎస్ఎస్‌హెచ్ ఇస్తారా?" అని అడిగితే సగం సంగతి తేలిపోతుంది. ఎక్స్‌టెన్షన్ రాసినవాళ్లు దాన్ని వదిలేస్తే అప్‌డేట్ అక్కడే ఆగుతుంది. అందుకని కుర్రకారు కోడింగ్ గ్రూపుకి సరే, మా పిన్నికి కాదు.

జెన్‌ఫోరో. అప్పట్లో వీబులెటిన్ అనే పాత ఫోరమ్ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లలో కొందరు బయటికొచ్చి 2010లో మొదలుపెట్టారు. లైసెన్స్ ఒకసారి కొనాలి, ఏడాది దాటాక కొత్త వెర్షన్లు కావాలంటే మళ్లీ కట్టాలి. కట్టకపోయినా ఉన్నది నడుస్తూనే ఉంటుంది. బైకుల గ్రూపులు, కెమెరాల గ్రూపుల్లాంటి పెద్ద పాత ఫోరమ్‌లకు ఇది ఇష్టం. మోడరేటర్లకు (చర్చల్ని అదుపులో ఉంచేవాళ్లకు) పనిముట్లు అద్భుతం. ప్రకటనల మీదో చందాల మీదో ఆదాయం ఉండే ఫోరమ్ అయితే పెట్టిన డబ్బుకి న్యాయం జరుగుతుంది. ఊరికే సేవగా నడిపేవాళ్లకు బరువే.

డిస్కోర్స్. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో స్థాపకుల్లో ఒకరైన జెఫ్ ఆట్‌వుడ్ ఇంకో ఇద్దరితో కలిసి 2013లో బయటికి తెచ్చాడు. మేం చివరికి చేరింది ఇక్కడికే. పాత పీహెచ్‌పీబీబీ పోస్టులు తెచ్చుకోవడానికి దిగుమతి స్క్రిప్టు కూడా వాళ్లదే ఉంది.

దీనికి 1 జీబీ మెమరీ కనీసం, నిజంగా సుఖంగా ఉండాలంటే 2 జీబీ. డాకర్‌లో (సాఫ్ట్‌వేర్‌ని దానికి కావాల్సినవాటితో కలిపి ఒకే పెట్టెలో నడిపే పద్ధతి) మాత్రమే పెట్టమంటారు, వాళ్ల మాట వినండి. షేర్డ్ హోస్టింగ్‌లో ప్రయత్నించి టైమ్ వృథా చేసుకోవద్దు. అప్‌డేట్ చాలావరకు అడ్మిన్ పేజీలో బటన్ నొక్కితే అయిపోతుంది. ఎప్పుడో ఒకసారి సర్వర్‌లోకి వెళ్లి మొత్తం మళ్లీ కట్టాలి, అప్పుడు ఓ పావుగంట సైట్ ఆగుతుంది.

నాకు నచ్చింది దాని నమ్మకపు మెట్లు. 0 నుంచి 4 దాకా. కొత్తగా వచ్చినవాడు ఐదు చర్చలు తెరిచి, 30 పోస్టులు, పది నిమిషాలు చదివితే తనంతట తనే మొదటి మెట్టు ఎక్కుతాడు. అంటే మోడరేటర్ పనిలో సగం సాఫ్ట్‌వేరే చేస్తుంది. నచ్చనిది దాని చాదస్తం. పోస్టులో కనీసం 20 అక్షరాలు, శీర్షికలో 15 ఉండాలంటుంది. పెద్దాయన ఎవరో "బాగుందండి" అని రాశారు, కుదరదంది. ఆయన "బాగుందండి బాగుందండి బాగుందండి" అని రాసి పోస్టు చేశారు. కొత్తవాళ్లకి పోస్టుకి ఒక్క ఫొటోనే అనుమతిస్తుంది. ఆకు పైభాగం, కింది భాగం రెండూ చూపిస్తే గానీ తెగులు చెప్పలేం కదా! ఇవన్నీ సెట్టింగుల్లో మార్చుకోవచ్చు, మార్చాలని ముందే తెలిసుండాలి అంతే.

నోడ్‌బీబీ కూడా ఇలాంటిదే, నోడ్ జేఎస్ తెలిసినవాళ్లు చేతిలో ఉంటే చూడొచ్చు.

## తెలుగు పరీక్ష

ఏది ఎంచుకున్నా, జనాన్ని పిలిచే ముందు ఓ గంట ఈ పరీక్ష పెట్టండి.

"మొక్క" అని వెతకండి. "మొక్కకు", "మొక్కలో", "మొక్కలకి" ఉన్న పోస్టులు వస్తున్నాయా? అచ్చంగా "మొక్క" ఒక్కటే వస్తే, మాట చివర నక్షత్రం పెట్టి వెతికే వీలుందో చూడండి, ఆ చిట్కా మొదటి పేజీలోనే రాయండి.

తెలుగు శీర్షికతో చర్చ మొదలుపెట్టి దాని లింకుని వాట్సాప్‌లో పంపి చూడండి. లింకులో తెలుగు అక్షరాలు ఉంటే ఒక్కోటి శాతం గుర్తులతో కలిపి తొమ్మిది గుర్తులుగా విడిపోతుంది. పది మాటల శీర్షిక ఫోన్ తెరంతా నిండుతుంది. డిస్కోర్స్‌లో శీర్షికని లింకులో ఎలా రాయాలో ఎంచుకునే సెట్టింగ్ ఉంది. నేను శీర్షిక రాకుండా పెట్టాను. లింకు పొట్టిగా, శుభ్రంగా ఉంది.

మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌తో నడిచేవాటిలో అది ఏ పద్ధతిలో అక్షరాలు దాస్తోందో చూడండి. పాత యూటీఎఫ్8 పద్ధతిలో తెలుగు బాగానే ఉంటుంది, ఎందుకంటే మన అక్షరానికి మూడు బైట్లు చాలు. ఎమోజీకి నాలుగు కావాలి. "తెలుగు వస్తోంది కదా" అని ఊరుకుంటే, ఎవరో చివర దండం బొమ్మ పెట్టిన రోజున పోస్టు తెగిపోవచ్చు, లేదా అసలు ఎక్కకపోవచ్చు. యూటీఎఫ్8ఎంబీ4 ఉండాలి.

డిస్కోర్స్ మెనూలు తెలుగులో పెట్టుకోవచ్చు, కానీ అనువాదం అక్కడక్కడా ఇంగ్లిష్‌తో అతుకులబొంతలా ఉంటుంది. మా సభ్యులు ఇంగ్లిష్ మెనూలే ఉంచమన్నారు. "రిప్లై" అంటేనే వెంటనే అర్థమవుతుందట.

## మెయిల్ కథ

మొదటి ఫోరమ్ షేర్డ్ హోస్టింగ్‌లో పెట్టాం. మూడు గ్రూపుల్లో లింకు పంపగానే జనం ఉత్సాహంగా వచ్చారు. ఖాతా తెరిచారు. "మీ మెయిల్‌కి వచ్చిన లింకు నొక్కండి" అని వచ్చింది. సగంమందికి మెయిల్ రాలేదు, వచ్చినవి స్పామ్‌లోకి పోయాయి. ఆ రెండు రోజులూ పిన్ని ఫోను మోగుతూనే ఉంది. తర్వాత అన్నీ సరిచేశాం గానీ, వెనక్కి తిరిగి వచ్చినవాళ్లు కొందరే.

కారణం మామూలుదే. ఆ సర్వర్ మీదే ఉన్న ఇంకెవరో చెత్త మెయిళ్లు పంపి ఐపీ (సర్వర్ ఇంటర్నెట్ చిరునామా) పేరు చెడగొట్టారు. వీపీఎస్‌కి మారితే పోతుందనుకోకండి, చాలా కంపెనీలు అక్కడ మెయిల్ పంపే పోర్టునే మూసి ఉంచుతాయి. అమెజాన్ ఎస్ఈఎస్ లాంటి మెయిల్ సేవ ద్వారా పంపడమే దారి. వెయ్యి మెయిళ్లకి పది సెంట్లు, అంటే పది రూపాయలలోపే. మొదట వాళ్లు పరీక్ష దశలో ఉంచుతారు, బయటి చిరునామాలకి పంపాలంటే దరఖాస్తు పెట్టి అనుమతి తెచ్చుకోవాలి. అందుకని ప్రారంభోత్సవానికి కనీసం వారం ముందే ఈ పని మొదలుపెట్టండి. డొమైన్‌కి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు (మెయిల్ నిజంగా మీ దగ్గర్నుంచే వచ్చిందని చూపేవి) పెట్టండి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ వీటి విషయంలో మరింత కచ్చితంగా ఉంటోంది.

## మరి మీకేది?

సాంకేతికం తెలిసినవాళ్లు ఎవరూ లేరు, నెలకి రెండు మూడొందలకు మించి పెట్టలేరు, సభ్యులు కొన్ని వందలు. పీహెచ్‌పీబీబీ, షేర్డ్ హోస్టింగ్. మెయిల్ మాత్రం బయటి సేవ ద్వారా. రూపం పాతదని మొహమాటపడకండి.

సర్వర్ చూసుకునే మనిషి నమ్మకంగా ఒకరున్నారు, ఫొటోలు ఎక్కువ, సభ్యులంతా ఫోన్లలోనే. డిస్కోర్స్, 2 జీబీ వీపీఎస్. ఫొటోల్ని తర్వాత విడి స్టోరేజీకి తరలించే వీలు దీనిలో ఉంది.

డబ్బుంది, మనిషి లేడు. డిస్కోర్స్ మేనేజ్డ్. సర్వర్ తీసుకుని నెలనెలా ఎవరినో బతిమాలుకునే కన్నా ఇదే చవక.

మోడరేటర్లు పదిమంది, తగాదాలు ఎక్కువయ్యే విషయం, ఆదాయ మార్గం కూడా ఉంది. జెన్‌ఫోరో.

ఇక యాభైమంది మిత్రులైతే వాట్సాప్‌లోనే ఉండండి. నిజంగా.

ఇంకో సంగతి. మన దేశంలో జనం రాసుకునే వేదిక నడిపితే, 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదులు తీసుకునే అధికారి పేరు, సంప్రదించే విధానం సైట్‌లో ప్రకటించాలి. చిన్న ఫోరమ్‌లు చాలా దీన్ని పట్టించుకోవు. ఒక పేజీ రాసి పెడితే పోయేదేముంది?

బ్యాకప్ విషయానికొస్తే, డిస్కోర్స్ తనంతట తనే తీస్తుంది గానీ మామూలుగా అదే సర్వర్‌లో దాస్తుంది. ఇల్లు కాలితే బీరువా కూడా కాలినట్టు. వారానికోసారి బయటికి దింపండి. దింపినదాన్ని ఒక్కసారైనా వేరే మెషీన్‌లో పెట్టి తెరిచి చూడండి. సర్వర్ ఆగిపోయిన ఆ వారం, నా దగ్గరున్న బ్యాకప్ ఫైల్లో పోస్టులన్నీ ఉన్నాయి, ఫొటోలు లేవు. అవి కూడా చేర్చమని టిక్ పెట్టలేదు నేను. కంపెనీవాళ్లు సర్వర్ చెరిపేయకముందే డబ్బు కట్టగలిగాం కాబట్టి బయటపడ్డాం.

ఇప్పుడు ఫోరమ్‌లో "పిండినల్లి" అని కొడితే ఆ పెద్దాయన జవాబే మొదట వస్తుంది, ఫొటోలతో సహా. వాట్సాప్‌లో ఆ ప్రశ్న ఇప్పటికీ వారానికి నాలుగుసార్లు వస్తోంది. పిన్ని ఆ లింకు పెడుతుంది.